మ్యూటెంట్ పట్టికలో "పొట్టి" అని ఉన్నదానికి ఏ ఆంటాలజీ నంబరు వెయ్యాలి?

విత్తనపెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పోగైన వరి, జొన్న మ్యూటెంట్ (జన్యువు మారిన) లైన్ల వివరాలను డేటాబేస్‌లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. లైన్ నంబర్లు, పెడిగ్రీ, సీక్వెన్స్ ఫైళ్లు సక్రమంగానే ఉన్నాయి. చిక్కంతా "లక్షణం" అన్న ఒక్క కాలమ్ దగ్గరే. వచ్చినవాళ్లు వచ్చినట్టు తలా ఒక తీరుగా నింపి వెళ్లిపోయారు. మచ్చుకి కొన్ని:

"పొట్టి". "సెమీ డ్వార్ఫ్, పిలకలు ఎక్కువ". "పీహెచ్ 62" (ప్లాంట్ హైట్, అంటే మొక్క ఎత్తు). "ఎత్తులో తేడా లేదు". "బ్రాకిటిక్ లాగుంది, చూడాలి". "ఆకు మీద మచ్చలు, తెగులు కాదు". "బ్లాస్ట్ 7". "నారులో పాలిపోయి తర్వాత పచ్చబడింది". "పూత లేటు". "???"

చివరిది నా చమత్కారం కాదు, పట్టికలో అలాగే ఉంది.

అన్నిటికీ ట్రెయిట్ ఆంటాలజీ (ఒక్కో లక్షణం పదానికి నిర్వచనం, నంబరు ఇచ్చి పై పదాలు, కింది పదాలుగా అమర్చిన జాబితా) నంబర్లు వేసెయ్యమన్నారు మా గైడ్ గారు. వెతకడం మొదలుపెట్టాక ఒకటి కాదు, నాలుగు కనిపించాయి: ట్రెయిట్ ఆంటాలజీ, ప్లాంట్ ఆంటాలజీ, పాటో, క్రాప్ ఆంటాలజీ. ఒకే "మొక్క ఎత్తు"కి ట్రెయిట్ ఆంటాలజీలో ఒక నంబరు, క్రాప్ ఆంటాలజీలో పంట పంటకీ వేరే నంబరు. వీటిలో ఏది వాడాలి? "పొట్టి"కి సరిపోయే పదం లేకపోతే నేనే ఒకటి కల్పించుకోవచ్చా? అసలు ఇంత కష్టపడి నంబర్లు వేస్తే ఒరిగేదేమిటి? మూడోది మా గైడ్ గారిని అడగలేను కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

కోడ్‌కొడవలి

మరీ అంత బెంగ అక్కర్లేదండీ. ఆంటాలజీ లుకప్ సర్వీస్‌కి ఏపీఐ (ప్రోగ్రామ్‌తో నేరుగా అడిగే దారి) ఉంది. మీ కాలమ్‌లోని మాటల్ని ఇంగ్లీషులోకి మార్చి, చిన్న పైథాన్ స్క్రిప్ట్‌తో ఒక్కో వరుసనీ పంపండి. దగ్గరగా ఉన్న పదాన్ని, దాని నంబరునీ అదే తెచ్చిస్తుంది. ట్రెయిట్ ఆంటాలజీ వరకే వెతకమని ఫిల్టర్ పెట్టుకోండి. సరిపోలినవి ఉంచి, సరిపోలనివి పక్కన పెడితే ఒక సాయంత్రం పని. స్క్రిప్ట్ కావాలంటే పంపుతాను.

పాతక్యూరేటర్

స్క్రిప్ట్ మంచిదే, నేనూ వాడతాను. కానీ దాన్ని అభ్యర్థుల జాబితా తెచ్చే కుర్రాడిలా చూడాలి, తీర్పు చెప్పే పెద్దమనిషిలా కాదు. మీ పట్టికలోనే దానికి గోతులున్నాయి. "ఎత్తులో తేడా లేదు" అన్న వరుసకి అది శుభ్రంగా మొక్క ఎత్తు నంబరు వేసేస్తుంది. రేపు ఎవరో ఎత్తు మారిన మ్యూటెంట్ల కోసం వెతికితే, ఎత్తు మారని మ్యూటెంటే ముందు వరుసలో కూర్చుంటుంది. "ఆకు మీద మచ్చలు, తెగులు కాదు" అన్నదాన్ని తెగులు నిరోధకత కిందికి తోసేసినా నేను ఆశ్చర్యపోను. అది బహుశా లీజన్ మిమిక్ మ్యూటెంట్ అయ్యుంటుంది: శిలీంధ్రమూ బాక్టీరియా లేకుండానే కణాలు తమంతట తామే చచ్చి మచ్చలు పడే రకం. వరిలో వీటిని "స్పాటెడ్ లీఫ్" అని ఎస్‌పీఎల్ గుర్తుతో పిలుస్తారు. అరబిడాప్సిస్‌లో (ల్యాబుల్లో ఎక్కువగా వాడే చిన్న మొక్క) అవే అక్షరాలు పుష్పించే దశను నడిపే ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (ఇతర జన్యువుల్ని నడిపే ప్రొటీన్) కుటుంబానివి. వరిలోనూ ఆ కుటుంబం ఉంది, కాబట్టి ఒకే పంటలో ఒకే గుర్తు రెండు రకాలుగా తిరుగుతోంది. అక్షరాలు పోల్చి చూసే యంత్రానికి ఈ గొడవ ఎక్కడ తెలుస్తుంది?

ఇక విత్తనపెట్టె గారూ, మీరు నాలుగు ఆంటాలజీలు చూసి కంగారుపడ్డారు గానీ అవి ఒకదానితో ఒకటి పోటీపడేవి కావు. ఒక్కోటి ఒక్కో పనికి.

ప్లాంట్ ఆంటాలజీ మొక్క భాగాలనీ, ఎదిగే దశలనీ చెబుతుంది. వరి వెన్ను, గోధుమ కంకి, మొక్కజొన్న జల్లు, కండె అన్నీ అందులో పుష్పగుచ్ఛం అనే పెద్ద పదం కిందికి వస్తాయి. పాటో గుణాలని చెబుతుంది: ఎత్తు, రంగు, పొడవు, తగ్గిన ఎత్తు, పెరిగిన ఎత్తు. అది మొక్కలకే కాదు, ఈగకీ ఎలుకకీ కూడా అదే. ఈ రెండింటినీ ముందే జోడించి పెట్టినది ట్రెయిట్ ఆంటాలజీ. "మొక్క ఎత్తు", అంటే టీఓ:0000207, విప్పి చూస్తే మొత్తం మొక్క అనే భాగం, ఎత్తు అనే గుణం. క్రాప్ ఆంటాలజీ ఇంకో అడుగు ముందుకేసి, దేన్ని కొలిచాం, ఎలా కొలిచాం, ఏ కొలమానంలో రాశాం అన్న మూడింటినీ కలిపి ఒక "వేరియబుల్" చేస్తుంది. వరికి సీఓ_320, జొన్నకి సీఓ_324. పంట పంటకీ వేరే నంబరు కనిపించింది అందుకే: జొన్నలో ఎత్తు కొలిచే పద్ధతి, వరిలో కొలిచే పద్ధతి ఒకటి కానక్కర్లేదు.

ఇప్పుడు "పొట్టి" సంగతి. పొట్టి అనేది లక్షణం కాదు, ఆ లక్షణంలో మీరు చూసిన స్థితి. లక్షణం ఎత్తు. ట్రెయిట్ ఆంటాలజీలో "పొట్టి" కోసం ఎంత వెతికినా దొరకకపోవడం దాని లోపం కాదు. మీ పట్టికలో ఒక్క కాలమ్‌లో కుక్కినదాన్ని కనీసం మూడు చెయ్యాలి: దేన్ని చూశారు (మొక్క ఎత్తు), ఏం కనిపించింది (తగ్గింది), దేనితో పోలిస్తే. ఆ మూడోదాన్నే అందరూ వదిలేస్తారు. పొట్టి అంటే ఎవరికన్నా పొట్టి? ఏ మాతృరకానికి మందు పెట్టి మ్యూటెంట్ తీశారో దానికన్నానా, పక్క మడిలో పోలిక కోసం వేసిన చెక్ రకానికన్నానా? ఐఆర్8 లాంటి రకంలోంచి తీసిన మ్యూటెంట్ అయితే అసలు మాతృరకమే పొట్టిది. అక్కడ "ఎత్తు మామూలే" అని రాసినా పొడవాటి నాటురకం పక్కన అది మరుగుజ్జే.

కాబట్టి కొత్త పదం కల్పించకండి. "పొట్టి మొక్క" అని ఒక పదం, "బాగా పొట్టి మొక్క" అని ఇంకోటి చేస్తూ పోతే ఏడాది తిరిగేసరికి మీ కాలమే ఇంకో పేరుతో తిరిగొస్తుంది.

ఒరిగేదేమిటి అన్నారు కదా, మీ పట్టికలోని "బ్రాకిటిక్" మాటనే పట్టుకుందాం. మొక్కజొన్నలో బ్రాకిటిక్2 అనే మ్యూటెంట్ ఉంది. కింది కణుపుల మధ్య దూరం బాగా తగ్గిపోతుంది, పైభాగం దాదాపు మామూలుగానే ఉంటుంది. జొన్నలో డ్వార్ఫ్3 అనేది ఎప్పటినుంచో బ్రీడర్ల చేతిలో ఉన్న పొట్టి జన్యువు. రెండు పంటలవాళ్లూ రెండు పేర్లతో ఎవరి దారిన వాళ్లు రాసుకుంటూ పోయారు. రెండూ ఒకే రకం జన్యువులని, ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోన్‌ని కాండంలో కిందికి పంపే పీ-గ్లైకోప్రొటీన్‌ని తయారుచేస్తాయని 2003లో తేలింది. ఇప్పుడు మాటలతో వెతికేవాడి పరిస్థితి చూడండి. "బ్రాకిటిక్" అని కొడితే జొన్న రాదు. "డ్వార్ఫ్" అని కొడితే బ్రాకిటిక్2 రాకపోగా ప్రపంచంలోని మరుగుజ్జు మొక్కలన్నీ వచ్చి మీద పడతాయి.

నంబరు వేస్తే రెండూ ఒకచోటికి వస్తాయి. అయితే ఇక్కడే అసలు కిటుకుంది. ఒక్క "మొక్క ఎత్తు" నంబరు వేసి ఊరుకుంటే వాటితోపాటు వరి ఎస్‌డీ1 కూడా వస్తుంది, అది జిబ్బరెలిన్ అనే ఎత్తు పెంచే హార్మోన్ తయారీలో పనిచేసే ఎంజైము జన్యువు (2002లో తేలింది). గోధుమ ఆర్‌హెచ్‌టీ జన్యువులూ వస్తాయి, అవి జిబ్బరెలిన్ మాట వినకుండా అడ్డుపడే డెల్లా ప్రొటీన్లవి (1999). అన్నీ పొట్టివే, కారణాలు వేరు. ఎవరో ఓపికగా "కింది కణుపుల మధ్య దూరం తగ్గింది, ఆకుల సంఖ్యలో తేడా లేదు" అని విడివిడి వరుసలుగా నమోదు చేసి ఉంటే, అప్పుడు బ్రాకిటిక్2, డ్వార్ఫ్3 మిగతా పొట్టి గుంపు నుంచి విడిపోయి పక్కపక్కన నిలబడతాయి. 2015లో అరబిడాప్సిస్, వరి, మొక్కజొన్న, సోయా, టమాటా, మెడికాగో మ్యూటెంట్ల వర్ణనలను ఇలా భాగం, గుణం జతలుగా మార్చి, ఏ మ్యూటెంట్ ఏ మ్యూటెంట్‌ని పోలి ఉందో కంప్యూటర్‌తో లెక్కగట్టిన పని వచ్చింది. దానికి ముడిసరుకు ఇలాంటి వరుసలే.

అందుకే నా సలహా: ఒక లైనుకి ఒక నంబరు అని లెక్క పెట్టుకోకండి. కనిపించినన్ని వెయ్యండి. కానీ ప్రతిదీ చూసినదాని మేరకే ఉండాలి. పట్టికలో "పొట్టి" అని మాత్రమే ఉంటే ఎత్తు దగ్గర ఆగిపోండి, కణుపుల దాకా దిగకండి. ఆంటాలజీలో కింది పదం వేస్తే పై పదాలన్నీ దానంతట అవే వర్తిస్తాయి. పైనుంచి కిందికి మాత్రం ఎవరూ ఊహించలేరు, ఊహించకూడదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. జొన్న డ్వార్ఫ్3లో జన్యువు లోపల 882 బేస్‌ల ముక్క వెంటవెంటనే రెండుసార్లు ఉంటుంది. క్రాసింగ్ ఓవర్ (క్రోమోజోములు ముక్కలు మార్చుకోవడం) సమానంగా జరగనప్పుడు ఆ రెండో ముక్క ఊడిపోయి, పొట్టి జొన్న చేలో అక్కడక్కడ పొడవాటి మొక్కలు లేస్తాయి. మీ పట్టికలో "కలగలుపు, పొడుగువి ఉన్నాయి" లాంటి వరుస ఏదైనా ఉంటే దానికి ఎత్తు నంబరు వెయ్యకండి. విత్తనాలు కలిసిపోయి ఉండొచ్చు, లేదా ఆ అల్లీల్ (జన్యువు రూపం) నిలకడలేనిది కావచ్చు. రెండోదైతే అది మొక్క లక్షణం కాదు, అల్లీల్ గురించిన వివరం. దాని చోటు వేరే కాలమ్.

"బ్లాస్ట్ 7" విషయంలో నాకు ఒకటే ప్రశ్న: ఏ స్కేల్? వరికి ఇర్రీ (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) స్టాండర్డ్ ఎవాల్యుయేషన్ సిస్టమ్‌లో ఆకు అగ్గితెగులుకి 0 నుంచి 9 వరకూ ఉంటుంది. 0 అంటే మచ్చ లేదు, 9 అంటే ఆకులు మాడిపోయాయి. బ్రిటన్ గోధుమ రకాల సిఫారసు జాబితాలో 9 అంటే తెగులును బాగా తట్టుకుంటుందని. స్కేల్ పేరు లేని 7 అటూ ఇటూ కాదు. అక్కడ క్రాప్ ఆంటాలజీ వేరియబుల్ తప్పనిసరి. స్కేల్ ఏదో తేల్చుకోలేకపోతే ఆ 7ని పాత కాలమ్‌లోనే ఉంచండి, కొత్త కాలమ్‌లోకి రానివ్వకండి.

అన్నట్టు పాత కాలమ్‌ని చెరపకండి. "బ్రాకిటిక్ లాగుంది, చూడాలి" అన్న మాటలో ఏ నంబరూ మొయ్యలేని సమాచారం ఉంది. ఎవరో అనుమానించారు, తర్వాత చూడలేదు.

గట్టుమీద

నేను బ్రీడర్‌ని. పైన చెప్పినదంతా చదివాను, కాదనను. కానీ పొలంలో పనిచేసేవాళ్ల తరఫున ఒక మాట చెప్పకపోతే తోచదు.

టాబ్లెట్ పట్టుకుని ఎండలో వరసల మధ్య నడిచే మనిషికి ఏడంకెల నంబరు చూపిస్తే వాడు మళ్లీ కాగితం దగ్గరికే పోతాడు. మీ పట్టిక అలా తయారైంది కూడా అందుకే, ఎవరూ కావాలని పాడుచెయ్యలేదు. మాకు కావలసింది చిన్న పేరు, యూనిట్, ఇంతకన్నా ఎక్కువా తక్కువా కొట్టనివ్వని హద్దులు. అంతే. నా దృష్టిలో క్రాప్ ఆంటాలజీ వేరియబుల్ ఒక్కటే పనికొచ్చేది. ట్రెయిట్ ఆంటాలజీ, పాటో ఇవన్నీ జన్యువులు వెతికేవాళ్ల సరదా. గింజ దిగుబడి తీసుకోండి. ఆంటాలజీ పదం ఒకటే. కానీ నేను 14 శాతం తేమకి సరిచేసి హెక్టారుకి కిలోల్లో రాస్తాను, ఇంకొకరు ఒక్క మొక్క గింజల్ని గ్రాముల్లో తూస్తారు. ఈ రెండిటికీ ఒకే నంబరు వేసి ఒకే గంపలో పోస్తే నేను ఆ డేటాని ముట్టుకోను.

పూత సంగతీ అంతే. నాకు పూత అంటే మడిలో సగం మొక్కలు పూతకొచ్చిన రోజు. మొదటి పువ్వు విచ్చిన రోజు కాదు.

పాతక్యూరేటర్

గట్టుమీద గారూ, నంబరు తెర వెనకే ఉండాలన్న మాటకి నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. ఫీల్డ్ బుక్ లాంటి యాప్‌లలో లక్షణాల జాబితాని ముందే తయారుచేసి ఎక్కించొచ్చు, బ్రాపీ (బ్రీడింగ్ డేటాబేస్‌లు, యాప్‌ల మధ్య డేటా పంపుకునే ఏపీఐ) ద్వారా డేటాబేస్ నుంచి తెచ్చుకోనూ వచ్చు. పొలంలో మనిషి చిన్న పేరే చూస్తాడు, నంబరు లోపల దానంతటదే ప్రయాణిస్తుంది.

"సరదా" అన్నమాటకి మాత్రం ఒప్పుకోను. పూతనే తీసుకుందాం. మీరు వరిలో ఈనిక రోజులు లెక్కపెడతారు. అరబిడాప్సిస్ వాళ్లు పూకాడ లేచేసరికి అడుగున ఎన్ని ఆకులున్నాయో లెక్కపెడతారు. ఒకటి రోజులు, ఒకటి ఆకులు. వేరియబుల్ స్థాయిలో ఈ రెండూ ఎప్పటికీ కలవవు, కలపకూడదు కూడా, అక్కడ మీ మాటే రైటు. కానీ వరి హెచ్‌డీ1 అనే ఈనిక జన్యువు అరబిడాప్సిస్ కాన్‌స్టాన్స్‌కి దాయాది అని 2000లో తేలింది. వరివాళ్లు ఒకచోట, అరబిడాప్సిస్ వాళ్లు ఒకచోట కూర్చుంటే అటువంటి సంబంధాన్ని డేటాబేస్‌లో వెతికి పట్టుకునే దారేది? పైన పుష్పించే సమయం అన్న పెద్ద పదం ఉండి, రెండు కొలతలూ దాని కింద వేరువేరుగా వేలాడుతుంటేనే ఆ దారి. కొలతని వేరియబుల్‌తో కాపాడుకోండి, వెతుకులాటకి ట్రెయిట్ పదం వాడుకోండి. క్రాప్ ఆంటాలజీలోని చాలా లక్షణాలని ప్లాంటియోమ్ (మొక్కల ఆంటాలజీలని ఒకచోట చేర్చే ప్రాజెక్టు) వాళ్లు ట్రెయిట్ ఆంటాలజీ పదాలకి ముడివేసి పెట్టారు కాబట్టి రెండుసార్లు శ్రమపడక్కర్లేదు, వేరియబుల్ సరిగా ఎంచుకుంటే సగం పని అయినట్టే.

విత్తనపెట్టె

చాలా థాంక్సండీ. పట్టికని కొత్తగా ఇలా విడగొడుతున్నాను: మూలంలో ఉన్న మాట (ముట్టుకోను), లక్షణం నంబరు, పెరిగిందా తగ్గిందా తేడా లేదా, పోలిక రకం, పద్ధతి, స్కేల్, ఎవరు ఎప్పుడు నమోదు చేశారు. తేడా లేనివాటికి విడిగా ఒక గుర్తు. "???"కి ఏమీ వెయ్యను.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, ఈ రోజు వేసిన నంబరు రేపు ఆంటాలజీవాళ్లు తీసేస్తే? రెండు, "నారులో పాలిపోయి తర్వాత పచ్చబడింది" అన్నదాన్ని ఎలా విడగొట్టాలో తోచడం లేదు. ఆకు రంగు అని వేస్తే ఎదిగిన మొక్క కూడా పాలిపోయినట్టు అర్థం వస్తోంది.

కోడ్‌కొడవలి

మొదటిదానికి నేను చెబుతాను. నంబర్లని మామూలుగా చెరిపెయ్యరు, "వాడుకలో లేదు" అని ముద్రవేసి ఉంచుతారు. చాలాసార్లు దాని బదులు ఏది వాడాలో కూడా ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి మీరు ఆంటాలజీ ఏ తేదీ విడుదలని వాడారో పట్టికలో రాసుకోండి, కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ముద్రపడినవి వెతికే స్క్రిప్ట్ నడపండి. పదం పేరుని కాక నంబరునే దాచుకోండి, పేర్లు మారుతుంటాయి. నిజంగానే పదం లేకపోతే వాళ్ల గిట్‌హబ్ పేజీలో అడగొచ్చు: నిర్వచనం, దాని పై పదం ఏది కావాలో, ఆధారంగా ఒక పరిశోధన పత్రం ఇస్తే చాలు. వచ్చేదాకా పై పదంతో సరిపెట్టుకోండి.

ఈ స్క్రిప్ట్ మాత్రం నిజంగా ఒక సాయంత్రం పనే.

పాతక్యూరేటర్

రెండోదానికి. మీకు కావలసింది దశ. ప్లాంట్ ఆంటాలజీలో భాగాలకి ఒక కొమ్మ ఉన్నట్టే ఎదిగే దశలకి ఇంకో కొమ్మ ఉంది. రెండు వరుసలు రాయండి: నారు దశలో ఆకు రంగు, పాలిపోయింది. తర్వాతి దశలో ఆకు రంగు, తేడా లేదు. "తేడా లేదు" అన్న రెండో వరుస లేకపోతే మొదటి వరుస సగం అబద్ధమవుతుంది, మీ అనుమానం సరైనదే.

కానీ నా అనుమానం ఇంకోటి. వరిలో విరెసెంట్ (లేతగా ఉన్నప్పుడు పాలిపోయి తర్వాత పచ్చబడే) మ్యూటెంట్లు కొన్ని ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటాయి. 20 డిగ్రీల దగ్గర నారు పెంచితే కొత్త ఆకులు పాలిపోతాయి, 30 డిగ్రీల దగ్గర పెంచితే దాదాపు మామూలు పచ్చగా వస్తాయి. మీ లైన్ అలాంటిదే అయితే పచ్చబడింది వయసు వల్ల కాకపోవచ్చు, ఆరుబయట వేడి పెరగడం వల్ల కావచ్చు. అప్పుడు దశతోపాటు పరిస్థితిని కూడా రాయాలి, దానికి ప్లాంట్ ఎక్స్‌పెరిమెంటల్ కండిషన్స్ ఆంటాలజీ అని ఐదోది ఉంది, క్షమించాలి. వరుస రాసేముందు ఒకటి చూడండి: ఆ నారుని గదిలో పెంచారా, బయట మడిలో పోశారా? నెల, ఉష్ణోగ్రత రిజిస్టర్‌లో ఏమైనా రాసి ఉందా?

విత్తనపెట్టె

నారు పోసిన తేదీ ఉంది, జనవరి మొదటివారం. బయటి మడే. ఉష్ణోగ్రత రాయలేదు. విత్తనం ఇంకా ఉంది కాబట్టి మాతృరకంతోపాటు గ్రోత్ ఛాంబర్‌లో రెండు ఉష్ణోగ్రతల దగ్గరా వేసి చూస్తాను. అప్పటిదాకా ఆ లైనుకి నారు దశ, తర్వాతి దశ వరుసలు రెండూ ఉంచి, "పరిస్థితి తెలియదు" అని పెడుతున్నాను.